పచ్చిరొట్ట

మల్కాపురంలో మా మేడ మీద పక్కింటాయన, కుండీల మట్టిలో కోసి కలిపిన జీలుగు మొక్కల్ని తిరగేస్తూ, ఆ విద్య తనే కనిపెట్టినట్టు ఉపన్యాసం దంచుతున్నాడు. కుళ్లిన ఆకు వాసనకి ఆనందపురంలో మా అమ్మమ్మ మడి గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఓ ఏడు, పూతకొచ్చిన జీలుగును ఆవిడ దున్నించి బురదలో తొక్కించేసింది. వారానికి మడంతా కంపు.

మావయ్య నవ్వాడు. "ఏపుగా ఎదిగిన పంటని కుళ్లబెట్టీసినావు, మతిగాని పోయిందేటే అమ్మా?"

"పచ్చిరొట్టరా. కుళ్లి ఎరువైపోతాది, ఈ ఏడు యూరియా సగం తగ్గిపోతాది."

నాకు రొట్టె అని వినబడింది. ముక్కు మూసుకుని, "పచ్చి రొట్టె ఎవలు తింటారే?" అని నేనూ వెక్కిరించాను.

"బూమి తింటాది," అంది అమ్మమ్మ. "తిని నీకు కూడు పెడతాది."

ఆ కూడు తింటూనే ఆవిణ్ణి వెక్కిరించాను. పక్కింటాయనకి గొప్పలు పోవడంతో పాటు మట్టిలో చెయ్యి పెట్టడమూ వచ్చు. నేను మాత్రం ఇవాళ కూడా ముక్కు మూసుకునే నిలబడ్డాను.