తాడుకు అవతలి కొస

ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే తెల్లారింది. మా దీవుల్లో సూర్యుడు తొందరగా వస్తాడు. ప్రోతరాపూర్‌లో మొదటి బస్సు హారన్ వినబడేసరికే నా పూజ అయిపోతుంది. గంగమ్మ పటానికి మందారాలు పెట్టి, రాత్రి నానబోసిన మినప్పప్పు రుబ్బడానికి కూర్చున్నాను. వాన వచ్చి వెళ్లింది. పెరట్లో పోకచెట్ల మీంచి ఇంకా చినుకులు రాలుతున్నాయి. ఆదివారం కనుక తమ్ముడు వస్తాడని పప్పు కాస్త ఎక్కువే పోశాను. ఫోన్ మోగితే బస్సెక్కానని చెప్పడానికే అనుకున్నాను. మరదలి గొంతు. "వదినా, ఈయన లేవట్నేదు" అంది.

నేను షాదీపూర్ చేరేసరికి వాణ్ణి చాప మీదికి దింపేశారు.

మన తెలుగువాళ్ల ఈ సంచిక చదివేవాళ్లలో చాలామందికి వాడు మైకుసెట్టు భయ్యా. పెద్దవాళ్లకి బోట్ల మీద పేర్లు రాసిన కుర్రాడు. నాకు చంకనెత్తుకుని ఓడెక్కించిన తమ్ముడు. అక్కని కదా, నన్ను అప్పా అని పిలిచేవాడు. అయ్య మమ్మల్ని శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడికి తెచ్చినప్పుడు వాడికి నడక రాలేదు. ఆ ఊరు వాడికి గుర్తు లేదు, నాకు గుర్తు. మన ఇంటి గుమ్మం ఎటు ఉండేదప్పా, అమ్మ ఉప్పుచేపలు ఎక్కడ ఎండేసేదప్పా అని పెద్దవాడయ్యాక కూడా అడుగుతూనే ఉండేవాడు. నన్ను ఆ సంగతులు అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

వేట వాడికి పట్టుబడలేదు. ఒడ్డు కనుమరుగైతే చాలు, వాంతులు. "సేపలకి మేత ఏస్తన్నాడ్రా మావోడు" అని అయ్య జెట్టీలో అందరి ముందూ అనేవాడు. వాడూ నవ్వేవాడు. తర్వాత ఒంటరిగా కూర్చుని ఇసకలో పుల్లతో బోట్లు గీసేవాడు. అలా మొదలై బోట్లకు రంగులు వేశాడు, ఒకవైపు తెలుగులో, ఒకవైపు హిందీలో పేర్లు రాశాడు. మనవాళ్ల నాటకాలకు తెరలు, బెంగాలీవాళ్ల పూజకు పందిళ్లు. ఓడ దిగే టూరిస్టుల కోసం గవ్వలతో దీపాలు చేశాడు, అవి అమ్ముడుపోలేదు. మైకుసెట్టు నిలబెట్టింది. దాంతోనే షాదీపూర్‌లో క్యాసెట్ల దుకాణం పెట్టాడు. ఇన్ని పనులెందుకురా అంటే, "నాలుగు పనులు సేస్తే ఒకటి మన కోసం సేసుకోవచ్చప్పా" అనేవాడు.

ఎవరింట పెళ్లికి మైకు కట్టినా హలో హలో అనేవాడు కాదు. "అప్పా, తిన్నావా?" అని అడిగేవాడు. నేను ఎక్కడో ఊరవతల ఉండేదాన్ని. వీధి వీధంతా నవ్వేది.

తన కోసం చేసుకున్న పని పాటలది. ఒడ్డున నిలబడి పెద్దవల లాగేటప్పుడు మా పెద్దవాళ్లు పాడే పాటలు. ఇంజన్ బోట్లు వచ్చాక ఆ వల పోయింది, పాటా నోటి నుంచి జారిపోతోంది. వాటిని క్యాసెట్లకు ఎక్కిద్దామని దుకాణం వెనక గదిలో ఫ్యాను ఆపి, తలుపేసి, అయ్య జతగాణ్ణి ఒకాయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన మొదటి మాట ఎత్తుకుని ఆగిపోయాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగాడు.

"కూకుంటే పాటెలగొస్తాదిరా? నాగడానికి ఏటుంది?" అన్నాడు.

తమ్ముడు లాగడానికి ఒక తాడు తెచ్చి కిటికీ చువ్వలకు కట్టాడు. పాట వచ్చింది. రెండో చరణానికి కిటికీ కూడా వచ్చింది. అప్పుడు వాడే తాడు అవతలి కొస పట్టుకుని గోడకు కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు. "సముద్రం పని నాది. నువ్ లాగు బాబాయ్" అన్నాడట. అప్పటినుంచి ఎవరు పాడినా అంతే. ఆ క్యాసెట్లలో వాడి మాట ఎక్కడా వినబడదు. పాట వెనక మనిషి ఆయాసం వినబడుతుంది, అది వాడిది. పడవెక్కితే కడుపు తిప్పే మనిషి ఆ గదిలో ఏళ్ల తరబడి సముద్రమై నిలబడ్డాడు.

వాడికి పేరు రావాలని నేనెప్పుడూ దేవుణ్ణి అడగలేదు. ఒంట్లో బాగుండాలని అడిగాను. ఆయన ఇచ్చినన్నాళ్లు ఇచ్చాడు.

పెద్దకర్మ అయిన సాయంత్రం దుకాణంలోనే కూర్చున్నాం. గరాచర్మ నుంచి ఫోన్లు అమ్మే ఒకతను వచ్చి, రెండు గదులూ ఇస్తేనే అద్దెకు తీసుకుంటానని చెప్పి వెళ్లాడు. మంచివాడే. మరదలు చీరకొంగు మడత పెడుతూ, "పాటల కోసం వచ్చే అద్దె వదులుకోమని ఆయనైనా అనరు వదినా" అంది. నిజమే. కానీ వెనక గదిలో క్యాసెట్ల బీరువా ఉంది. మా గాలికి టేపులకు బూజు పట్టేస్తుంది కనుక వాడు బీరువా లోపల చిన్న బల్బు పెట్టి రాత్రీ పగలూ వెలిగించి ఉంచేవాడు. గది ఇచ్చేస్తే బీరువా ఎక్కడికి పోవాలి?

"మా ఇంట్లో పూరా సీలన్ అత్తా, గోడలే చెమ్మ కారతాయి" అంది మేనకోడలు. అది పుట్టింది ఇక్కడే, చదివింది హిందీ బడిలో. తండ్రి అట్టల మీద రాసిన తెలుగు పేర్లు కూడబలుక్కుని చదువుతుంది, ఒక్కో క్యాసెట్టులో పాడిన నలుగురిలో ఏ గొంతు ఎవరిదో తెలియదు. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను గానీ పాడినవాళ్ల పేర్లు తప్పు పడితే పప్పాకి బాగుండదు అంది. ఆ గొంతులు గుర్తుపట్టేవాళ్లు ఇంకెవరున్నారని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి నా వైపు చూశారు.

నా ఇల్లు మెట్ట మీద ఉంది, పొడిగా ఉంటుంది, ఉండేది నేనొక్కదాన్నే అని చెప్పాను.

అలా నిశ్చయమైంది. రెండు గదులూ ఫోన్లతనికి. మైకుసెట్టు దానితో పనిచేసిన కుర్రాళ్లకి. బీరువా ప్రోతరాపూర్‌కి. ఆదివారాలు మేనకోడలు మొదటి బస్సుకే వచ్చి ఒక్కొక్క క్యాసెట్టూ పెడుతుంది, నేను విని పాడింది ఎవరో చెబుతాను. బీరువా పట్టేది నా పడకగదిలోనే. దాని తలుపు సందులోంచి బల్బు వెలుతురు మొహం మీద పడుతుందేమో వదినా, నిద్ర పట్టదేమో అంది మరదలు. పడనీ అన్నాను.