అరిగిపోయిన టేకు పట్టీ

మొన్న మా అశోక్ నగర్ అపార్ట్‌మెంటులో పక్కవాళ్ళు వీధి తలుపుకి వార్నీషు వేయించారు. మెట్లెక్కుతుంటే ఆ వాసన తగిలి, కూరగాయల సంచీతో కాసేపు అలాగే నిలబడిపోయాను. బాధా కాదు, సంతోషమూ కాదు. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలోనూ నాకు అలాగే ఉండేది, మనసు మొద్దుబారిపోయి.

అప్పట్లో చిక్కడపల్లిలో ఒక పెద్దింట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నాన్నది కాకినాడ, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆఫీసుతోపాటు ఇక్కడికొచ్చారు. ఇంటాయన వాళ్ళు తరతరాలుగా ఈ ఊరివాళ్ళే. ఆయనకి హుస్సేన్‌సాగర్‌లో చిన్న తెరచాప పడవ ఒకటి ఉండేది. దాని అంచుల టేకు పట్టీలు ఎండకీ వానకీ నల్లబడిపోతే, పడవను బండిమీద పెరట్లోకి తెప్పించి, సముద్రం పక్కన పుట్టినవాడు కదా అని నాన్నని సాయం పిలిచారు. నిజానికి నాన్నకి ఈత కూడా రాదు, ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడ్డారు.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ ఏడే ఊళ్ళో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. నారాయణగూడలో నా కాలేజీ మూసేశారు. వీధిలో మాతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. నాన్న కాకినాడ బదిలీకి అర్జీ పెట్టుకుంటే అదీ వచ్చింది. ఒప్పుకున్న పని మధ్యలో వదలడం మర్యాద కాదని, పడవ పూర్తికాగానే బయల్దేరతామని ఇంటాయనతో చెప్పారు. ఆయన తలూపారు.

ఇక ఆ పని తెమిలితే ఒట్టు. సాయంత్రం ఇద్దరూ కలిసి వార్నీషు పూసేవారు. అది ఆరేసరికి, దుమ్ము పడిందనో బుడగలు లేచాయనో, ఇంటాయన ఉప్పుకాగితంతో మొత్తం గీకేస్తూ కనిపించేవారు. నాన్న రెండో కొస నుంచి గీకేవారు. కట్టిన మూటల మధ్య కూర్చుని అమ్మ, ఇది జీడిపాకంలా సాగుతోందని విసుక్కునేది. ఉండిపోతే బాగుండునని ఉందో, పోతే పీడా పోతుందని ఉందో నాకే తెలిసేది కాదు.

ఒకనాడు పట్టీ అరిగి మరమేకుల తలలు బయటపడ్డాయి. నాన్న వాటిని వేలితో తడిమి చూసి, "ఇక చాలండీ, ఇంకా గీకితే చెక్క మిగలదు" అన్నారు.

ఇంటాయన ఉప్పుకాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"జర మంచిగ చేద్దామనుకున్న సార్, గంతే."

ఆ వారమే వెళ్ళిపోయాం. రిక్షా కదులుతుంటే ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు, నాకు ఏడుపు రాలేదు. ఉండమని ఆయనా అనలేదు, ఉంటామని నాన్నా అనలేదు. ఆ ఒక్క మాట నోటిదాకా రాక ఇద్దరూ అంత టేకు అరగదీశారని, పెళ్ళయి మళ్ళీ ఈ ఊరొచ్చాక గానీ నాకు అర్థం కాలేదు. అప్పటికి ఇద్దరూ లేరు.

ఇప్పుడు మీది ఏ ఊరని ఎవరూ నిలదీయరు, మంచిదే. ఎవరైనా ఇల్లు ఖాళీ చేసి పోతుంటే లిఫ్టు తలుపు పట్టుకుని, సామాను త్వరగా దిగేలా సాయం చేస్తాం. నేనూ చేస్తాను.