రంగం గాజు మర్యాదలు

ఆ రోజుల్లో మా ఉద్దానం పల్లెల్లో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్న ఆడపిల్లది విచిత్రమైన హోదా. చుట్టాలొస్తే "మా అమ్మాయి బీయస్సీ" అని ముందుకు నెట్టేవారు. వాళ్ళు గడప దాటగానే "ఆ అంట్లు తోమీవే" అని వెనక్కి లాగేవారు. నేనూ ఆ హోదాలో కొన్నాళ్ళు వెలిగాను. బీఎడ్ ప్రవేశ పరీక్ష రాద్దామని పలాస వెళ్ళి లావుపాటి గైడు కొనుక్కొచ్చాను గానీ, అది నా చేతిలో కన్నా మజ్జిగ కుండ మీద మూతగానే ఎక్కువ కాలం గడిపింది. చదవొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. (అని ఉంటే పౌరుషం పుట్టి చదివేసేదాన్నేమో!) "సదువుకోయే, ఎవులొద్దన్నారు? ముందీ పిక్కలు ఎండబెట్టీసి సదువుకో" అనేది అమ్మ. జీడిపిక్కలు ఎండబెట్టేసరికి పొయ్యి పిలిచేది, పొయ్యి దగ్గర్నుంచి లేచేసరికి తోటలో రాలిన కొబ్బరి మట్టలు పిలిచేవి, అవి ఈడ్చుకొచ్చి పడేసేసరికి నిద్ర పిలిచేది. అందరూ పిలిచేవారే గానీ ఆ గైడు మాత్రం పాపం ఎప్పుడూ నన్ను పిలవలేదు.

మా ఇంట్లో అసలు సిసలు హోదా అంటే మా మామ్మది, నాన్నని కన్నతల్లి. పుట్టింది రంగంలో (రంగూన్‌ని మా వైపు పాతవాళ్ళు అలాగే అనేవారు). ఊహ తెలిసీ తెలియని వయసులో తల్లి చెయ్యి పట్టుకుని ఓడెక్కి ఇటు వచ్చేసింది కాబట్టి ఊరందరికీ రంగం మామ్మ. తల్లి నుంచి ఆమెకు దక్కినది ఒకే ఒక్క వస్తువు, ఎడమచేతికి ఉండే ఆకుపచ్చ రాతి గాజు. ఆ రాయిని జేడ్ అంటారని నేను డిగ్రీలో ఉండగా ఎక్కడో చదివి ఇంట్లో గొప్పగా ప్రకటిస్తే, మామ్మ "జీడీ కాదు, జేడూ కాదు, రంగం గాజు" అని కొట్టిపారేసింది. లేత కొబ్బరాకు రంగు, మధ్యలో మబ్బుతునకలా ఒక తెల్లటి చార. నడివేసవిలో ముట్టుకున్నా చల్లగా ఉండేది. ప్రతి శుక్రవారం మామ్మ దాన్ని తీసి, ఇత్తడి గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, కాస్త కుంకుడు నురగతో కడిగి, నాన్న పాత పంచె ముక్కతో తుడిచి, నీడన ఆరబెట్టి, కొబ్బరి నూనె చుక్క ఒకటి రాసి మళ్ళీ తుడిచి తొడుక్కునేది. మాలో ఎవరికైనా జ్వరమొస్తే కూడా అంత శ్రద్ధగా ఒళ్ళు తుడిచినట్టు నాకు గుర్తు లేదు.

ఆ వేసవిలో మామ్మకి కంటి ఆపరేషన్ అయింది. తల వంచకూడదు, నీళ్ళు తగలకూడదు అన్నారు డాక్టర్లు. శుక్రవారం వచ్చింది. మామ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని, గాజు తీసి నా చేతిలో పెట్టి, "ఒలే గుంటా, జాగర్తగా కడిగి తే. దీన్ని టెక్కలి సిట్టికిస్తానని మాటిచ్చీసినాను" అంది. చిట్టి అంటే మా మేనత్త కూతురు, నాకు మరదలు. పిక్కల కాలం అయ్యాక దానికి నిశ్చితార్థం. ఆ రోజు పెళ్ళివారి ఎదుట మనవరాలి చేతికి గాజు తొడగాలని మామ్మ కోరిక. నేను జాగ్రత్తగానే కడిగాను. కడిగాక, చేతి నిండా కుంకుడు నురగ ఉంది కదా, ఒక్కసారి తొడిగి చూసుకుంటే ఏం పోయిందనిపించింది. బొటనవేలు లోపలికి మడిచి నెట్టాను. జర్రున ఎక్కేసింది. నా బొద్దు చేతికి ఆ ఆకుపచ్చ ఎంత అందంగా ఉందో! అటు తిప్పి, ఇటు తిప్పి, నూతి దగ్గర నిలబడి నీళ్ళలోకి చూసుకుని మురిసిపోయి, ఇక తీద్దామని లాగాను. రాలేదు.

తర్వాత జరిగింది మా ఇంటి చరిత్రలో పెద్ద యుద్ధం. అమ్మ కొబ్బరి నూనె పోసింది. వదిన సబ్బు రుద్దింది. చెయ్యి పైకెత్తి నిలబడితే వాపు దిగుతుందన్నారు ఎవరో, వీధిలో వాళ్ళందరూ వచ్చి చూసిపోయేదాకా జెండా కర్రలా నిలబడ్డాను. ఆఖరికి నాన్న తోటలోంచి వచ్చి, పరిస్థితి గమనించి, "ఇంతెందుకు, సుత్తితో ఒక్కటి" అన్నాడు. మామ్మ మంచం మీంచి లేచి, "ముందు నా సెయ్యి ఇరగ్గొట్టు. ఆ తరవాత గాజు ఇరగ్గొడుదువుగాని" అంది. నాన్న మళ్ళీ తోటకే వెళ్ళిపోయాడు. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను, కానీ మామ్మ నన్ను తిట్టలేదు. దగ్గరికి పిలిచి, గాజుని వేలితో చుట్టూ తడిమి చూసి, "పోన్లే, నిశ్చితార్తం దాకా నీ కాడే ఉంటాది. అంతవరకూ దానికి మర్యాదలు నువ్వే సెయ్యాల. ఎలాగ సెయ్యాలో నాను సెప్తాను" అంది.

ఆ మర్యాదలు విన్నాక నా ఏడుపు ఆగిపోయింది. వేడి తగిలితే రాయి పగుల్తుందట, కాబట్టి నేను పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. చింతపండు పులుసు తగిలితే మెరుపు పోతుందట, కాబట్టి అంట్లు తోమకూడదు. సబ్బుపొడి పడదు కాబట్టి బట్టలు ఉతకకూడదు. జీడి సొన అంటుకుంటే మచ్చ పడి చచ్చినా వదలదు కాబట్టి తోటలో పిక్కలు ఏరకూడదు. రోలుకీ రోకలికీ తగిలితే ముక్కలే కాబట్టి దంచడం, రుబ్బడం లేవు. "అయితే మరి నేనేం చెయ్యాలి మామ్మా?" అన్నాను, గుండెలోపల తప్పెటగుళ్ళు మోగుతుండగా, పైకి మాత్రం దిగులుగా. "ఏటీ సెయ్యొద్దు. కూకో" అంది మామ్మ.

కూర్చున్నాను. అదీ పిక్కల కాలంలో, ఇల్లంతా జీడి సొన మరకలతో, నడుం వంచి పని చేస్తున్న సమయంలో, కొబ్బరి చెట్ల నీడన మంచం వేసుకుని! నా పని కూడా నెత్తిన పడ్డ వదిన గంప ఎత్తుకుని పోతూ పోతూ ఆగి, "మరదలమ్మా, మీ గాజుగోరికి ఆకలేత్తందేటి? పలారం తెమ్మన్నారా?" అనేది. నేను చెయ్యి కొంచెం పైకెత్తి చూపించి, "పులుపు లేకుండా తెమ్మంటున్నారు వదినా" అనేదాన్ని. (ఆ గంప నా మీద ఎందుకు బోర్లించలేదో ఇప్పటికీ వదిననే అడగాలి.) ఎప్పుడైనా అమ్మకి ఓపిక నశించి "ఆ కూరైనా తరగవే" అని కేకేస్తే, నాకంటే ముందు మామ్మ జవాబిచ్చేది, "కత్తిపీట కాడ గాజా? వొద్దొద్దు" అని.

నా మనసులో మాత్రం ఓ మూల భయం ఉండేది. నిశ్చితార్థం నాటికి గాజు రాకపోతే? అందుకని ఒకరోజు పలాస వెళ్ళి ఒక ఫ్యాన్సీ షాపులో అడిగాను. "అన్నా, జేడ్ చేతికి పట్టేసింది, ఏం రాస్తే వదుల్తుంది?" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "కొబ్బరి నూనె రాయమ్మా. పిక్కలు ఏరీటప్పుడు సేతికి బూడిద రాసుకోవాల. అందరికీ సెప్పలేక సత్తన్నాం" అన్నాడు. "జీడి కాదన్నా, జేడ్!" అన్నాను. "అదే, జీడే" అన్నాడు. పలాసలో నిలబడి జీడి కాని జేడ్ ఒకటుందని ఒప్పించడం నావల్ల కాలేదు. కొబ్బరి నూనె సీసా కొనుక్కుని వచ్చేశాను, మా ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే ఉన్నా.

కానీ ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనని, అదీ కష్టమైన పనేనని కొద్దిరోజుల్లోనే తెలిసొచ్చింది. ఫోన్‌కి సిగ్నల్ ఉండేది కాదు. మాటలకి మనుషులు దొరికేవారు కాదు. ఊసుపోక చేతులు ఊపుతూ కూర్చుంటే మామ్మ అదిలించేది. "సెయ్యి ఊపకే! మంచం పట్టీకి తగుల్తాది. ఏదో ఒకటి అట్టుకో. అదిగో, ఆ మజ్జిగ కుండ మీద పుస్తకం బరువుగా ఉంటాది, అదట్టుకుంటే సెయ్యి కదలదు." పట్టుకున్నాను. పట్టుకున్నాక తెరవక తప్పలేదు, తెరిచాక చదవక తప్పలేదు. మధ్యాహ్నం కునుకు పడితే కర్రతో పొడిచేది. "నిద్దరోతే సెయ్యి జారిపోతాదే, గాజు నేలకి కొట్టుకుంటాది. పైకి సదువు, నీకు నిద్దర రాకుండా ఉంటాది." పైకి చదివేదాన్ని. కళ్ళద్దాల వెనకనుంచి మామ్మ, తనకి ఒక్క ముక్క అర్థం కాని కిరణజన్య సంయోగక్రియని రామాయణం విన్నట్టు వినేది. పరీక్ష రోజున గాజు చుట్టూ పంచె ముక్క మెత్తగా చుట్టి, "బల్లకి తగలనీకు" అని పంపింది. హాల్లో నన్ను చూసిన మేడమ్, చెయ్యి విరిగిందనుకుని జాలిపడి ఫ్యాను కింద కూర్చోబెట్టింది.

నిశ్చితార్థం రోజు రానే వచ్చింది. టెక్కలిలో మేనత్తగారి ఇంటికి అందరం వెళ్ళాం. పెళ్ళివారు ఇంకా రాలేదు. లోపలి గదిలో చిట్టి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. దాని పక్కన గాజుతో సహా నేను, కన్నీళ్ళతో సహా అమ్మ. "ఇప్పుడేటి సేత్తామత్తా?" అంది అమ్మ. మామ్మ నెమ్మదిగా లేచి, చీర తెచ్చిన పల్చటి ప్లాస్టిక్ కవరు నా చేతికి తొడిగి, దాని అంచు గాజు కిందనుంచి దూర్చి, కవరు మీద రెండు చుక్కలు నూనె రాసి, నా వేళ్ళు దగ్గరగా నొక్కి పట్టుకుని లాగింది. వెన్నముద్దలా జారి వచ్చేసింది.

ముందు తేరుకున్నది అమ్మే. "ఇదంతా నీకు తెల్సా అత్తా? మరిన్నాళ్ళూ సెప్పనేదేటి?"

"ఎవులడిగేరు నన్ను?" అంది మామ్మ.

గాజు చిట్టి చేతికి సరిగ్గా సరిపోయింది. కానీ చిట్టి మొహంలో సంతోషం లేదు. నా వైభోగం గురించి టెక్కలి దాకా కథలు చేరాయి కదా! "అమ్మమ్మా, ఇన్ని మర్యాదలు నావల్ల కాదు. పొయ్యి కాడికెల్లకుండా, అంట్లు ముట్టకుండా ఉంటే అత్తోరు ఊరుకుంటారేటి?" అంది బిక్కమొహంతో.

మామ్మ నవ్వింది. "నీకవేటీ అక్కర్నేదమ్మా. పని సేసుకో, తీరిక దొరికినప్పుడు గోరెచ్చని నీళ్ళతో కడుక్కో, మెత్తటి గుడ్డతో తుడుసుకో. కింద పడీకు. సాలు."

"సాలా?" అన్నాను నేను.

"సాలక?" అంది అమ్మ, నావైపు తిరిగి. "నాను కాపరానికొచ్చిన కాడ్నించి సూత్తన్నాను. మీ మామ్మ ఆ గాజుతోనే దంచింది, ఆ గాజుతోనే పిక్కలేరింది, ఆ గాజుతోనే మీ నాన్నకి వీపు మీద రెండంటించేది కూడా. నాకూ ఇప్పుడే బుర్రకెక్కింది." తర్వాత ఇద్దరం కలిసి మామ్మ వైపు చూశాం. మామ్మకి అప్పుడే నల్ల కళ్ళద్దాలు కనపడకుండా పోయాయి. అవి తన తల మీదే ఉన్నాయి. "పెల్లోరొచ్చీసినట్టున్నారు, బేగి సూడండి" అంటూ మమ్మల్ని గదిలోంచి తరిమేసింది. వీధిలో ఎవరూ లేరు.

ఆ ఏడాది నాకు బీఎడ్ సీటు వచ్చింది. ఇప్పుడు టెక్కలి దగ్గర ఒక బడిలో ఆ కిరణజన్య సంయోగక్రియే చెబుతున్నాను. మామ్మ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఉన్నన్నాళ్ళూ ఎన్నిసార్లు అడిగినా ఆమె చెప్పిన సమాధానం ఒక్కటే, "రాయి సంగతి నీకేటి తెల్సు?" అని. ఒక్కోసారి పిల్లలు పరీక్ష రాస్తుంటే కిటికీ దగ్గర నిలబడి ఆ వేసవి నాటి నన్ను, ఆ బొద్దుపిల్లని తలుచుకుంటాను. నీడన కూర్చుని, చెయ్యి జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని, ఇంటిల్లిపాదినీ ఎంత తెలివిగా బురిడీ కొట్టిస్తున్నానో అని లోలోపల పొంగిపోతూ ఉంటుంది. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. అసలు బురిడీ ఎవరు కొట్టించారో దాని చెవిలో చెప్పే వీలున్నా నేను చెప్పను. మామ్మ కర్ర పుచ్చుకుని పక్కనే కూర్చుని ఉంది కదా, ఇంకాసేపు అలాగే కూర్చోనిస్తాను.