రౌటర్ దాటి వచ్చిన గొంతు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం అంతకంటే లేదు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క ఇంట్లో పెరిగినవాణ్ణి, ఏ చప్పుడుకీ ఉలిక్కిపడను. పైగా నా ఉద్యోగం నెట్‌వర్కులు చూడటం. ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పి జీతం తీసుకుంటాను. అలాంటివాడికి మా ఇంటి రౌటరే తిండీ నిద్రా లేకుండా చేసింది.

అమ్మ కళ్లు తిరిగి పడిపోవడం మొదలయ్యాక ఫ్రిజ్ మీద చిన్న కెమెరా పెట్టాను. ఆఫీసు నుంచి ఫోన్లో చూడొచ్చు, వినొచ్చు, నేను మాట్లాడితే కెమెరాలోని స్పీకర్లోంచి ఇంట్లో వినిపిస్తుంది.

అమ్మది సముద్రం మీద బతికే కుటుంబం. ఆమె తమ్ముడు నూకరాజు మావయ్య ఇప్పటికీ చేపల వేటకు వెళ్తాడు. అతను నీళ్ల మీద ఉన్నన్నాళ్లూ, మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అమ్మ "నూకరాజూ, బువ్వకి రా" అని గట్టిగా పిలుస్తుంది. పిలవకుండా ముద్ద ముట్టదు. వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. సముద్రానికి చెవులున్నాయా అని నేను ఆటపట్టించేవాణ్ణి.

ఆసారి మావయ్య పడవ రావాల్సిన రోజు దాటిపోయింది. ఫోన్ కలవలేదు. వెతకడానికి వేరే పడవలు వెళ్లాయి.

మర్నాడు ఆఫీసులో ఫోన్ తెరిచి చూస్తున్నాను. అమ్మ కంచం పెట్టుకుంది, పిలిచింది.

"వత్తన్నానప్పా. నీళ్లున్నాయా?" అంది ఒక మగ గొంతు, అచ్చం మావయ్యదే. అప్ప అంటే మా వైపు అక్క. ఇంట్లో అమ్మ తప్ప ఎవరూ లేరు. అమ్మ బెదరలేదు. కెమెరా ముందుకొచ్చి గ్లాసుతో నీళ్లు పెట్టింది.

నాకు భయమేసింది. దెయ్యమని కాదు, ఎవడో దొంగవెధవ కెమెరాలోకి దూరి అమ్మను చూస్తున్నాడని. తమ్ముడి గొంతుతో అడిగితే అమ్మ తలుపు తీసేస్తుంది.

పక్క సీటు రమణకు చెబితే తేలిగ్గా తీసిపారేశాడు. "రౌటరే ఫైర్‌వాల్ కదా బావ, బయటోడు ఎలాగొత్తాడు?"

అది సగమే నిజం. పిలవని పేరంటానికి వచ్చినవాటిని ఇంటి రౌటర్ గుమ్మంలోనే ఆపేస్తుంది. లోపల్నుంచి మనం ఎవరినైనా పలకరిస్తే, ఆ జవాబును మాత్రం రానిస్తుంది. కానీ కెమెరా తనంతట తానే కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతూ ఉంటుంది. పాస్‌వర్డ్ తెలిసినవాడు ఆ దారిన దర్జాగా రావచ్చు, రౌటర్ పట్టించుకోదు.

ఇంటికి పరుగెత్తాను. పాస్‌వర్డులన్నీ మార్చాను. రౌటర్లో ఎవరైనా దారి తెరిచి పెట్టారేమో చూశాను, లేదు. కెమెరాకు అసలు ఇంటర్నెట్టే అందకుండా కట్టేశాను. ఇక అది నాలుగు గోడల మధ్యదే. మర్నాడు సెలవు పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను.

అమ్మ పిలిచింది.

"ఉన్నానప్పా. ఇక్కడే ఉన్నాను," అంది కెమెరా. మావయ్య గొంతే. బొంగురుపోయి, నాలుక ఎండిపోయినవాడి మాటలా ఉంది.

కెమెరా వైరు పీకేశాను. అమ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

"ఏటి సేత్తన్నావురా? ఆడు మాటాడతన్నాడు కదా!"

"ఆడు మావ కాదే అమ్మా, ఎవుడో దొంగెదవ," అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే మళ్లీ రౌటర్ తెరిచి చూడాలనిపించేది. అమ్మ మాత్రం పూట తప్పకుండా పిలిచేది. ఆ ఆరిపోయిన కెమెరా వైపు కాసేపు చూసి, అన్నం కెలికి లేచిపోయేది.

చివరికి పడవ దొరికింది. ఇంజను పాడై కొట్టుకుపోయిందట, వేరే పడవవాళ్లు కట్టి లాక్కొచ్చారు. తాగే నీళ్లు ముందే అయిపోయాయి. మావయ్య ఫోన్ మొదట్లోనే సముద్రంలో పడిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుండగా అతను అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"మొదట పిలిత్తే ఇనపడ్డావప్పా. పలికినాను కూడా. తర్వాత పిలవడం మానీసినావేటి? అప్పుడే బయమేసింది నాకు."

అమ్మ ఒక్కపూట కూడా మానలేదు. ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

ఇంటర్నెట్ లేని కెమెరాలోంచి ఆ గొంతు ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. నేను వైరు పీకాక, అంత దూరాన నీళ్ల మీద ఉన్న మనిషికి అక్క పిలుపు ఎందుకు ఆగిపోయిందో అంతకంటే తెలియదు.