లేదనడం రాని బుల్లిరాజు

మా బుల్లిరాజు మావయ్యకు చాలా భాషలు వచ్చు. అరబ్బీ వచ్చు, హిందీ వచ్చు, మలయాళంలో తిట్లు వచ్చు. రాని మాట ఒక్కటే, "లేదు".

మా కోనసీమలో ఇంట్లో బియ్యం అయిపోతే లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. అంత మర్యాదస్తులం. మావయ్య అందులో ఇంకో మెట్టు పైనుంటాడు. ఎవరేం అడిగినా "ఆయ్" అంటాడు. ఆ మాటకు మా వైపు "మీరు చెప్పేది వింటున్నానండి" అని అర్థం. "సరేనండి" అని కూడా అర్థమే. రెంటిలో ఏదో మాకు మొహం చూస్తే తెలిసిపోతుంది. ఫోన్లో మొహం కనపడదు కదా, గొడవంతా అక్కడే.

దోహాలో ఓ అరబ్బు ఇంట్లో డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ఆయన్ను "ఆయ్" అనే పిలిచారు. అదే ఆయన పేరనుకున్నారు. ముసలమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళినా, పిల్లల్ని బడిలో దింపినా ఎదురు మాట లేని మనిషి. ఆ ఇంట్లో కుక్క కూడా ఆయన మాటే వినేదట. ఇక్కడ కుసుమత్త మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచి మొగుణ్ణి సెలవల్లోనే చూసింది. కిందటేడు వచ్చినప్పుడు "ఇంక ఉండిపోకూడదూ?" అంది. "ఆయ్" అన్నాడు. అలా ఉండిపోయాడు.

ఉండిపోయి ఓ పాత వ్యాను కొని కొత్తపేటలో ఇంటి ముందు పెట్టాడు. పై ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు గుళ్ళూ, ఏరూ, ఏటి మధ్య లంకలూ తిప్పి చూపిస్తానన్నాడు. నేను అప్పటికే ఇంజినీరింగ్ మానేసి ఖాళీగా ఉన్నాను కాబట్టి ఇంటర్నెట్లో ఓ పేజీ పెట్టిచ్చాను. మొదట వచ్చిన విజయవాడ వాళ్ళు ఫోన్లో "లంకలో గుర్రాలెక్కిస్తారా?" అని అడిగారు. మావయ్య "ఆయ్" అన్నాడు. లంకలో ఉన్నవి గేదెలు. వాళ్ళు వెళ్ళిపోతూ "ఈయన మాట నమ్మొద్దు" అని పేజీ మీద రాసిపోయారు. తర్వాత ఎవరూ రాలేదు.

ఆ సమయంలోనే అమలాపురం నుంచి వీసాల ఏజెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఫోన్ చేశారు. అరబ్బు మళ్ళీ రమ్మంటున్నాడు, ఆదివారం కల్లా ఖాయం చెయ్యాలి, కాగితాలు మొదలెట్టమంటారా అని అడిగారు. మావయ్య ఏమన్నాడో చెప్పక్కర్లేదు.

కుసుమత్త పొయ్యి మీద కూర కూడా దింపలేదు. "శనివారం వరంగల్ వాళ్ళొస్తున్నారు కదా. వాళ్ళు నవ్వుకుంటా వెళ్తే మీరుంటారు. తిట్టుకుంటా వెళ్తే పెట్టె నేనే సద్దుతాను. ఈ మధ్యలో వేలాడ్డం నావల్ల కాదు" అంది.

"ఆయ్" అన్నాడు మావయ్య. ఆ మొహం చూస్తే అది సరేనండీ కాదు, వింటున్నానండీ కాదు. భయం.

వరంగల్ ఆవిడ పేరు కళ్యాణి. బ్యాంకులో ఆఫీసరు. తల్లి పద్మావతి గారిని తీసుకుని వస్తానని అంతకు ముందే ఫోన్ చేశారు. కిందటేడు నాసిక్ వెళ్ళారట. ఏటి ఒడ్డున ద్రాక్షతోటలు, పందిళ్ళ కింద కూర్చోబెట్టి వైను రుచి చూపించడం, పక్కనే పాత కోట, నీళ్ళలో తెడ్లేసుకునే చిన్న పడవలు చూసొచ్చారు. "గట్లాంటియి మీ దగ్గర ఉన్నయా?" అని అడిగారు.

"ఆయ్."

"ద్రాక్షతోట కూడా?"

"ఆయ్ అండి."

నేను పక్కనే ఉండి నెత్తి కొట్టుకున్నాను. ఫోన్ పెట్టేశాక "మావయ్యా, కోనసీమలో ద్రాక్షతోట ఎక్కడుంది?" అంటే, "ఆవిడ అంత సరదాగా అడుగుతుంటే లేదని ఎలా అనేదిరా?" అన్నాడు.

శుక్రవారం రావులపాలెం వెళ్ళి నల్లద్రాక్ష గుత్తులు తెచ్చాం. వైనతేయ పాయకు అవతల లంకలో అయ్యప్ప అని తాళ్ళు గీసి కల్లు దింపే ఆయన ఉన్నాడు. మావయ్య చిన్నప్పటి స్నేహితుడు. అతని పాక ముందు పొట్లపందిరి ఉంది. గుత్తుల్ని దారంతో ఆ పందిరికి కట్టాం. నాకు సిగ్గుగానే ఉంది, కానీ దూరం నుంచి చూస్తే బాగానే కనిపించింది. అయ్యప్ప నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఒరే బుల్లిరాజూ, కాకులు ముందు నవ్వుతాయి, తర్వాత తింటాయి" అన్నాడు.

శనివారం తెల్లారేసరికి అమ్మా కూతుళ్ళు దిగారు. ముందు పలివెల తీసుకెళ్ళాం. ఉమా కొప్పులింగేశ్వరుడి గుళ్ళో పాత రాతిస్తంభాలు పద్మావతి గారు చేత్తో తడుముతూ తిరిగారు. మావయ్య స్థలపురాణం చెప్పాడు. పూజారి ఓ భోగంపిల్ల మోజులో ఉండేవాడు. స్వామి ప్రసాదంలో ఆమె వెంట్రుక వచ్చింది. రాజుగారు ఇదేంటని నిలదీస్తే, భయపడి "స్వామికి జుట్టుందండి" అనేశాడు. రేపు చూపించమన్నాడు రాజు. పూజారి రాత్రంతా ఏడ్చాడు. తెల్లారి తలుపు తీస్తే లింగానికి కొప్పు మొలిచి ఉంది.

"అంటే అబద్ధమాడినోన్ని దేవుడే కాపాడిండు" అన్నారు కళ్యాణి గారు.

"ఆయ్... అంటే ఆ పూజారిగారు భక్తుడండి" అన్నాడు మావయ్య, చెమట తుడుచుకుంటూ.

కోట సంగతి మా కోనసీమ గన్నవరంలో బయటపడింది. "కోట ఏదీ?" అన్నారామె. మావయ్య వంతెన కేసి చూపించాడు. అది దొరల కాలంలో వైనతేయ మీద కట్టిన అక్విడెక్టు. కింద ఏరు పారుతుంటుంది, దాని నెత్తి మీద తొట్టిలో కాలవ పారుతుంటుంది. "ఇది కోట కాదు కదా?" అన్నారు కళ్యాణి గారు. పద్మావతి గారు మాత్రం కిందికీ పైకీ చూసి, "నీళ్ళ మీదికెళ్ళి నీళ్ళు పోతున్నయే! కోటలు ఎన్ని చూడలే మనం, గిది ఎన్నడన్న చూసినమా?" అన్నారు. మావయ్యకు కాస్త ఊపిరొచ్చింది. నాకు రాలేదు. ముందు పందిరుంది.

ఎండెక్కక ముందే రేవుకి చేరాం. అయ్యప్ప తాటిదోనెలు రెండు తెచ్చి పెట్టాడు. తాటిమొద్దు తొలిచి చేసినవి, మనిషి కదిలితే అవీ కదులుతాయి. కళ్యాణి గారు ఒకదాంట్లో కూర్చుని తెడ్డు అందుకున్నారు. దోనె ముందుకు వెళ్ళలేదు, ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది.

"అమ్మగారూ, ఒకే పక్క ఎయ్యకండి, తిరగలి తిరిగినట్టు తిరుగుద్ది!" అని అయ్యప్ప అరిచాడు.

ఆమె రెండో పక్కకు ఒరిగారు. దోనె కూడా ఒరిగింది. మోకాటి లోతు నీళ్ళలో బొక్కబోర్లా పడి, లేచి, జుట్టు పిండుకుంటూ పడీ పడీ నవ్వారు. "బ్యాంకుల ఎవ్వరికీ చెప్పొద్దు" అంటూనే ఫోటో తియ్యమన్నారు. మళ్ళీ ఎక్కారు. ఈసారి అవతలి ఒడ్డుకు తనే తెడ్డేసుకుని చేరారు. ఏటి మధ్యలో ఒక్కరే ఉండి, తెడ్డు ఆపి అరిచిన అరుపుకు కొంగలన్నీ లేచిపోయాయి.

ఈలోగా అయ్యప్ప రెండో దోనెలో దాటించిన పద్మావతి గారు అప్పుడే పందిరి కిందికి వెళ్ళిపోయారు. మేం చేరేసరికి తలెత్తి చూస్తున్నారు. పొట్లకాయలు వంకర తిరక్కుండా వాటి చివర్న రాళ్ళు కట్టి వేలాడదీసి ఉన్నాయి. వాటి మధ్య మా ద్రాక్ష.

"బిడ్డా, గీ ద్రాక్షతీగకు పొట్లకాయలు కాస్తున్నయేందే?"

ఆవిడ ఓ గుత్తి పట్టుకుని లాగారు. దారంతో సహా ఊడొచ్చింది.

"పొట్లకాయకు రాయి కట్టిన్రు, ద్రాక్షకు దారం కట్టిన్రు. మీ ఊర్ల ఏదీ ఊకుండనియ్యరా?"

కళ్యాణి గారి నవ్వు ఆగిపోయింది. "తోట ఉన్నదని చెప్పిన్రు కదా మీరు?" అన్నారు. తడిచీరతో అంతదూరం వచ్చిన మనిషి, ఆ మాటలో కోపం ఉండాల్సిందే.

మావయ్య చెవి గోక్కున్నాడు. వంటకని పొద్దున్నే లంకకు వచ్చిన కుసుమత్త పాక గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఆయన్నే చూస్తోంది. నేను నేల చూపులు చూశాను.

"లేదండి" అన్నాడు మావయ్య.

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. కొత్తచెప్పులు వేసుకున్నవాడిలా ఆ మాట మీద మళ్ళీ ఓసారి నడిచి చూసుకున్నాడు. "ద్రాక్షతోట లేదండి. కోట కూడా లేదండి. మా ద్రాక్ష ఇదేనండి" అని తాటిచెట్ల వైపు చెయ్యి చూపించాడు. "తాగుతానంటే దింపిస్తాను. వద్దంటే అన్నం తిని వెళ్దురుగాని, నేను పైసా తీసుకోనండి."

పద్మావతి గారు కూతురి వంక చూడలేదు. చెట్టు వంక చూశారు. అయ్యప్ప అప్పటికే చెట్టెక్కే మోకు బిగించుకుంటున్నాడు.

"పోతుతాడా, పండుతాడా?" అన్నారు, మగచెట్టా, కాయలు కాసే ఆడచెట్టా అని.

అయ్యప్ప ఆగిపోయాడు. "రెండూ ఉన్నాయమ్మా."

"రెండూ దింపు. దేనిది దానికి వేరే పెట్టు. మా నాయిన జనగామ కాడ తాళ్ళెక్కెటోడు. పట్నంల పడ్డంక సీసాల తెచ్చిన పులుసునీళ్ళే."

అంతే, లంకంతా ఆవిడదైపోయింది. తాటాకు దొన్నెల్లో రెండు రకాలూ పోయించారు. "నాసిక్‌ల గిట్ల ఊపి వాసన చూడుమన్నరు" అంటూ దొన్నెను గాజుగ్లాసులా తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. సగం కల్లు కొంగు మీద ఒలికింది. పోతుతాడు తీపి, పండుతాడు కాస్త వగరు అని తీర్పు చెప్పారు. జనగామ కల్లే గొప్పదన్నారు. అయ్యప్ప ఒప్పుకోలేదు. "మీ రాళ్ళనేల తాటికి రుచేం తెలుసమ్మా, మాది గోదారి ఒండు తాగిన తాడు" అన్నాడు. "ఒండు తాగినది నీళ్ళనీళ్ళుంటదిరా" అన్నారావిడ. దెబ్బలాట ముదిరి ఇంకో లొట్టి కల్లు దింపాల్సి వచ్చింది. కళ్యాణి గారు మొదట మూతి ముడుచుకుని ఓ గుక్క తాగారు. తర్వాత తల్లిని చూస్తూ కూర్చుండిపోయారు. "మా అమ్మ ఇంత మాట్లాడంగ నేను చూడలే" అన్నారు నాతో. కట్టిన ద్రాక్షలన్నీ మేమే కోసుకు తిన్నాం.

అన్నాల దగ్గర కూర్చున్నాం. బొచ్చెచేప పులుసు. అప్పుడే మావయ్య ఫోన్ మోగింది. చేతులు ఎంగిలని స్పీకరు పెట్టాడు.

"కాగితాలు రెడీ బుల్లిరాజు గారూ. రేపు వచ్చి సంతకం పెట్టేస్తే సరిపోద్ది" అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు.

కుసుమత్త వడ్డిస్తున్న గరిటె గాల్లో ఆగింది. తల్లీకూతుళ్ళకు సంగతి తెలియకపోయినా నమలడం ఆపేశారు.

"రానండి" అన్నాడు మావయ్య.

"రేపు కుదరకపోతే సోమవారం రండి."

"సోమవారం కూడా రానండి. దోహా వెళ్ళనండి. ఇక్కడే ఉంటానండి."

"అదేంటండీ, ఆ రోజు ఆయ్ అన్నారు కదా?"

"విన్నానని అన్నానండి. మీకు శ్రమ ఇచ్చేను, తప్పు నాదేనండి."

అటువైపు ఏజెంటు గారు ఏదో గొణిగారు. తర్వాత ఫోన్ పెట్టేశారు.

పద్మావతి గారు విస్తట్లోంచి తలెత్తకుండానే, "ఎండకాలం మా చెల్లెండ్లను తోల్కొస్త. అప్పటికన్న కోట కట్టిస్తవా కొడుకా?" అన్నారు.

"లేదండి" అన్నాడు మావయ్య, గట్టిగా, నవ్వుతూ.

కుసుమత్త అతిథుల కోసం దాచిన చేప తలకాయ తీసి మొగుడి విస్తట్లో వేసింది.