తెల్ల చారల నల్ల కోళ్లు

శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడిన ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో నన్ను ధర్మవరం నుంచి పెనుకొండ ప్రాంతానికి బదిలీ చేశారు. పశువైద్యురాలిగా అదే నా చివరి పోస్టింగు. ఛార్జి తీసుకున్న రెండు నెలలకు హిందూపురంలో పనిచేసే ఒక ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. ఎర్రమంచికి అవతల ఒక మెట్ట ఊళ్లో ఆడవాళ్లకు వాళ్లు నెల వయసున్న నల్ల కోడిపిల్లలను పంచారు. ఇప్పుడు అక్కడున్నవి ఆ కోళ్లు కావనీ, ఆడవాళ్లు అసలువి అమ్ముకుని సంతలో దొరికినవి తెచ్చిపెట్టారనీ నేను ధ్రువీకరించాలట. ధ్రువపత్రం కూడా వాళ్లే టైపు చేసి జతపరిచారు. నా సంతకం, ముద్ర తప్ప అన్నీ సిద్ధం. కోడిని చూడకముందే తీర్పు రాసిపెట్టిన ఆ కాగితం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఊరికి వెళ్లేసరికి ట్రస్టు సమన్వయకర్త రిజిస్టరుతో నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. రిజిస్టరులో ప్రతి పేరు ఎదుటా 'నలుపు' అని ఉంది. ఎదురుగా వల కొట్టంలో ఉన్న కోళ్ల రెక్కలకేమో వెడల్పాటి తెల్ల చారలు.

"నల్ల కోడికి తెల్ల ఈక ఎట్లొస్తుంది మేడమ్? ఈళ్ల పేర్లు కొట్టేసి, పోలీసు కంప్లైంటు ఇస్తాం" అన్నాడు.

అక్కడ చేరిన ఆడవాళ్ల గుంపుకు పెద్దదిక్కు ఓబులమ్మ. గొర్రెలు కాచే కుటుంబం, అరవై దాటిన మనిషి. ఆమె కొంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది.

"ఏమప్పా, కోళ్లు బయటికి ఇడిస్తే పథకం తీసేస్తామంటివి. ఇడిసినామా? మీ దాణా తప్ప ఏమీ పెట్టొద్దంటివి. పెట్టినామా? ఇప్పుడు మమ్మల్ని దొంగలంటాండావు!"

అతను ఆమె వైపు చూడనే లేదు. నా వైపు పెన్ను చాచాడు. నేను తీసుకోలేదు. ఒక పెట్టను పట్టుకుని రెక్క విప్పి చూశాను.

ఈక వెంట్రుకలాగే మొదలు నుంచి పెరుగుతుంది. కొస ముందు పుడుతుంది, మొదలు తర్వాత. పూర్తిగా పెరిగాక అది ప్రాణం లేని వస్తువు, లోపలి నుంచి రంగు మారదు. ఆ పెట్ట రెక్క ఈకల కొసలు నిగనిగలాడే నలుపు. కింది భాగం తెలుపు. అంటే ఒకే ఈక నల్లగా మొదలై, సగంలో రంగు కోల్పోయింది. తెచ్చిపెట్టిన తెల్లకోడి అయితే కొస నల్లగా ఎందుకుంటుంది? మరో మూడు కొట్టాల్లో చూశాను. అన్నిటికీ దాదాపు ఒకే చోట రంగు తెగింది.

కోడి ఈకల్లో నలుపూ గోధుమా మెలనిన్ అనే వర్ణకం వల్ల వస్తాయి. దాన్ని కోడి ఒళ్లే తయారు చేసుకుంటుంది. అందుకు మంచి మాంసకృత్తులు కావాలి, పిసరంత రాగి లోహం కావాలి. కొన్ని పిట్టల పసుపు, ఎరుపు అలా కాదు, ఆ వర్ణకాలు తిండిలోంచే రావాలి. పాలపిట్ట నీలానికైతే నీలి వర్ణకమే లేదు. ఈక అల్లికలో వెలుతురు చెదిరి అలా కనిపిస్తుంది. ఇవన్నీ కాలేజీలో పరీక్ష కోసం చదివి మరిచిపోయిన సంగతులు. ఆ రోజు పనికొచ్చాయి.

"దాణా ఎప్పుడు మార్చారు?" అని అడిగాను. సమన్వయకర్త రిజిస్టరు తిరగేశాడు.

ఓబులమ్మే చెప్పింది: "పిల్లలొచ్చిన పదైదు దినాలకు కొత్త మూటలు దించినారు డాక్టరమ్మా. వాసన కూడా వేరే ఉండాది. చెప్తే ఎవరు ఇన్నారు?"

ఆ ఊళ్లో ఒక్క ఇంటి కోళ్లు మాత్రం పూర్తిగా నల్లగా ఉన్నాయి. ఆ ఇల్లాలు రత్నమ్మ భయపడుతూ నిజం చెప్పింది. మూట వానకు తడిసి బూజు పట్టిందట. పారబోసి, కోళ్లను చేనిమీదికి వదిలి, రాగులూ, నూనె తీయగా మిగిలే చెనిక్కాయ (వేరుశనగ) చెక్కా పెట్టిందట. నియమం తప్పిన ఇంటి కోళ్లు బాగున్నాయి, నియమం పాటించిన వాళ్లు దొంగలయ్యారు.

దాణా నమూనాను ల్యాబుకు పంపాను. చారల కోళ్లలో ఆరింటికి కాలికి రింగులు తొడిగి ఆసుపత్రి కొట్టంలో పెట్టాను. ఒక్కోదానికి రెండేసి రెక్క ఈకలు పీకాను. పాత ఈక దానంతట అది ఊడి కొత్తది రావాలంటే చాలాకాలం ఆగాలి, పీకిన చోట వెంటనే కొత్తది మొలుస్తుంది. సరైన మేత, ఖనిజ లవణాలు పెట్టించాను. ఈలోగా ట్రస్టు నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. "చిన్న సంతకానికి ఇంత పరిశోధనా మేడమ్?" అన్నారు. ఊళ్లో పరిస్థితి వేరు. ఓబులమ్మను ఆడవాళ్ల సంఘం మీటింగుకు రావద్దన్నారు. ఇంకొకామె అవమానం భరించలేక తన కోళ్లన్నిటినీ కోసేసింది.

నాలుగో వారానికి ఆరు కోళ్లకూ కొత్త ఈకలు వచ్చాయి. నల్లగా. ల్యాబు రిపోర్టు కూడా అందింది. మూట మీద అచ్చువేసిన దానికంటే మాంసకృత్తులు బాగా తక్కువ, రాగి నామమాత్రం. రంగు పోవడంలో దేని పాలు ఎంతో నేను విడదీసి చెప్పలేను. తప్పు మూటలో ఉందని మాత్రం చెప్పగలను. అదే రాసి సంతకం చేశాను. వాళ్ల ధ్రువపత్రాన్ని సంతకం లేకుండా తిప్పి పంపాను.

కొట్టేసిన పేర్లు మళ్లీ ఎక్కించారు, దాణా మార్చారు. ఊరికి వచ్చిన ఉత్తరంలో 'సమాచార లోపం జరిగినది' అని ఉంది. ఎవరు చేశారో లేదు. క్షమాపణ లేదు. ఓబులమ్మ దాన్ని రత్నమ్మ కూతురి చేత రెండుసార్లు చదివించుకుని, "తప్పు అదంతట అదే జరిగిందంట" అని మడిచి ఇచ్చేసింది.

దొంగ అనడానికి ఒక్క నిమిషం, కాదని నిరూపించడానికి నెల పట్టింది. ఆ నెల భారమంతా నిందపడిన వాళ్ల మీదే పడింది, నింద వేసిన వాడి మీద కాదు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఎవరో రాసి తెచ్చిన ధ్రువపత్రాన్ని నా బల్ల మీద పెట్టనివ్వలేదు. జీవాన్ని చేత్తో పట్టి చూడని పశువైద్యుడి సంతకం, ఎంత గుండ్రంగా ఉన్నా, అబద్ధమే.