తేడాలు మాత్రమే చెప్పిన మాస్టారు

బ్రాడీపేటలోని ఓ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పరీక్షలో 'పోల్చి రాయండి' అని అడిగితే మా పిల్లలు తేడాలు రాసి, పోలికలు వదిలేస్తారు. ఈ రోజు అది వివరంగా చెబుదామని, ముందు బెంచీలోని కవలలు కరుణనీ సువార్తనీ ఉదాహరణగా తీసుకున్నాను.

"కరుణ అన్నిట్లో ఫస్టు. సువార్త పాసైతే చాలు. కరుణ అడగకపోయినా జవాబు చెబుతుంది, సువార్త అడిగినా చెప్పదు" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. నాకు హుషారొచ్చి ఇంకో రెండు తగిలించాను.

సువార్త లేచి నిలబడింది. "పోలికలు కూడా చెప్పాలన్నారు కదా సార్. మాకు ఒక్కటి కూడా లేదాండీ?"



కరుణ కూడా లేచి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు ఇద్దరికీ ఏడుపొస్తోంది సార్. అది రాసుకోండి" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. "సరే, సరే, కూర్చోండి" అని గొణిగి, గంట కొట్టగానే బయటపడ్డాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

రేపు మొదటి పీరియడ్ ఆ క్లాసే. అందరి ముందూ అన్న మాట కాబట్టి అందరి ముందే క్షమాపణ అడగాలి. మాస్టార్లెవరైనా ఉంటే, ఎలా మొదలుపెట్టాలో కాస్త చెప్పండి.